టానిన్‌ను తయారుచేసే ఎంజైమ్ ఆ టానిన్‌కే ఎందుకు బలికాదు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కరక్కాయ, వక్క, ద్రాక్ష గింజ, టీ ఆకు అన్నింట్లోనూ వగరుకు కారణమైన టానిన్ ఉందంటారు కదా, అన్నిచోట్లా దాన్ని తయారుచేసే ఎంజైమ్ ఒకటేనా అన్నది మొదటిది. టానిన్ ప్రోటీన్‌ను పట్టుకుని గడ్డకట్టిస్తుంది, ఎంజైమ్ కూడా ప్రోటీనే, మరి తాను తయారుచేసిన సరుకు వల్లే అది ఎందుకు పాడైపోదు అన్నది రెండోది. చాలా ఏళ్ళు మొక్కల జీవరసాయనం పాఠం చెప్పాను. మొదటి ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. రెండోది అడిగినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నాకు మాత్రం అసలు విషయమంతా అందులోనే ఉందనిపిస్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. దానిమ్మ తొక్కతో ప్రాజెక్ట్ చేయాలనుకుంటున్నానని కూడా రాశారు, దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో లేత కరక్కాయల్లోంచి ఒక ఎంజైమ్ తీద్దామని కూర్చున్నాను. ఐసు మీద చల్లబరిచిన కల్వంలో కాయల ముక్కలు వేసి, బఫర్ (ఆమ్లత్వం మారకుండా చూసే ద్రావణం) పోసి నూరాను. మొదట లేత ఆకుపచ్చగా ఉంది. పల్చటి గుడ్డలో వడకట్టేసరికి టీ డికాషన్ రంగుకి వచ్చింది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టం అడుగున గోధుమరంగు మడ్డి, పైన తేట. ఆ తేటలో ప్రోటీన్ ఎంతుందో లౌరీ పద్ధతిలో కొలిస్తే నీలం రంగు చిక్కగా వచ్చింది. బోలెడు ప్రోటీన్ వచ్చిందని సంబరపడ్డాను. తీరా ఎంజైమ్ పని చూస్తే సున్నా. మూడు రోజులు వరసగా అదే తంతు. బఫర్ తప్పు కలిపానా, చల్లదనం చాలలేదా అని ఒకటే టెన్షన్. చివరికి పక్క బల్ల దగ్గరి సీనియర్ వచ్చి గొట్టం వెలుగుకి పెట్టి చూసి, ‘నువ్వు ఎంజైమ్ తీయడం లేదయ్యా, తోలు పదును చేస్తున్నావు’ అన్నాడు. తోలు పదునులో టానిన్ చేసేది కూడా ప్రోటీన్‌ను పట్టుకోవడమే. లౌరీ పద్ధతిలో వాడే ఫోలిన్ ద్రావణం టానిన్ లాంటి ఫీనాల్ పదార్థాలతో కూడా నీలంగా మారుతుంది. నేను కొలిచింది ప్రోటీన్‌ను కాదు, టానిన్‌ను. ఉన్న ప్రోటీనంతా అడుగున మడ్డిలో కూర్చుంది.

ఆ మడ్డే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు. కాయ చెట్టున ఉన్నన్నాళ్ళూ ఆ ఎంజైమూ ఉంది, ఆ టానినూ ఉంది, ఒకదానికొకటి అడ్డు రాలేదు. నూరగానే లోపలి గోడలన్నీ కూలిపోయి రెండూ కలిశాయి. టానిన్ తయారీలో రసాయనం ఎంత ముఖ్యమో, ఏది ఎక్కడ జరుగుతుందన్నదీ అంతే ముఖ్యం. పాఠ్యపుస్తకాల్లో బాణాలన్నీ ఒకే తెల్ల కాగితం మీద గీస్తారు కాబట్టి ఈ సంగతి కనబడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. టానిన్ అనేది ఒక పదార్థం పేరు కాదు. డ్రైవర్ అన్నట్టు చేసే పనిని బట్టి పెట్టిన పేరు, ఇంటిపేరు కాదు. 1962లో బేట్ స్మిత్, స్వెయిన్ అనే ఇద్దరు ఇచ్చిన నిర్వచనాన్నే ఇప్పటికీ చెబుతారు: నీళ్ళలో కరిగే ఫీనాల్ పదార్థం, అణుభారం 500 నుంచి 3000 మధ్య, జెలటిన్ వంటి ప్రోటీన్లను అవక్షేపంగా దింపగలిగేది. ఎలా తయారైంది అన్న ఊసే అందులో లేదు. నేల మీది మొక్కల్లో ఈ పని చేసే కుటుంబాలు ముఖ్యంగా రెండు. ఒకటి గాలిక్ ఆమ్లం చక్కెరకు తగులుకుని తయారయ్యేది. కరక్కాయ, దానిమ్మ తొక్క, సింధూర (ఓక్) వృక్షాల చెక్క ఈ కోవలోకి వస్తాయి. రెండోది కాటెకిన్ తరహా అణువులు గొలుసు కట్టినది. వక్క, ద్రాక్ష గింజ, తంగేడు చెక్క ఈ కోవ. మొదటిదాన్ని ఆమ్లంతో మరిగిస్తే చక్కెర, గాలిక్ ఆమ్లం విడివిడిగా వచ్చేస్తాయి కాబట్టి జలవిశ్లేష్య టానిన్ అంటారు. రెండోది అంత తేలిగ్గా విడిపోదు, దాన్ని సంఘనిత టానిన్ అంటారు. సముద్రపు గోధుమరంగు నాచుల్లో మూడో రకం ఒకటుంది, దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఒక గ్లాసులో కరక్కాయ పొడి నానబెట్టిన నీళ్ళు, ఇంకో గ్లాసులో వక్కముక్కలు మరిగించి వడకట్టిన నీళ్ళు తీసుకోండి. రెండిటినీ లేత టీ రంగు వచ్చేదాకా పలచన చేయండి. తుప్పు పట్టిన మేకుల్ని రెండు మూడు రోజులు వెనిగర్‌లో నానబెట్టి ఆ నీళ్ళు రెండేసి చుక్కలు వేసి కలిపి, కాసేపు గాలికి వదిలేయండి. కరక్కాయ గ్లాసు నీలం కలిసిన నలుపుకి తిరుగుతుంది. వక్క గ్లాసు నల్లబడినా అందులో ఆకుపచ్చ జాడ ఉంటుంది. గాలిక్ వలయం మీద పక్కపక్కనే మూడు హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి, వక్కలోని కాటెకిన్ వలయం మీద రెండే ఉంటాయి. ఇనుము వాటిని పట్టుకోవడంలో వచ్చే తేడాయే ఈ రంగు తేడా. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు బట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టి, బెల్లంతో ఇనుప ముక్కలు ఊరబెట్టిన రసంతో గీత గీయగానే నల్లగా తేలేది ఈ ప్రతిచర్య వల్లే.

రెండు కుటుంబాలకూ మొదలు ఒకచోటే. దాన్ని షికిమేట్ మార్గం అంటారు, హరితరేణువు వంటి ప్లాస్టిడ్లలో జరుగుతుంది. చక్కెర విచ్ఛిన్నం నుంచి వచ్చే ఫాస్ఫోఈనాల్ పైరువేట్, ఇంకో దారిన వచ్చే నాలుగు కార్బన్ల ఎరిత్రోజ్ ఫాస్ఫేట్ కలిసి, రెండు మూడు అడుగుల్లో డీహైడ్రోషికిమేట్ అవుతాయి. దారులు చీలేది ఇక్కడే. మొక్కల్లో ఈ అణువును పట్టుకునే ఎంజైమ్ రెండు పనులు కలిసిన ఒకే ప్రోటీన్. ఒక కొస నీటి అణువును తీసేసి డీహైడ్రోషికిమేట్‌ను తయారుచేస్తుంది, ఇంకో కొస దాన్ని క్షయకరించి షికిమేట్ చేస్తుంది. అది మామూలుగా చేసే పని. ఆ రెండో కొస డీహైడ్రోషికిమేట్‌ను క్షయకరించకుండా ఉల్టాగా ఆక్సీకరణ చేస్తే, వచ్చిన అణువు తనంతట తానే వలయాన్ని సర్దుకుని గాలిక్ ఆమ్లం అయిపోతుంది. 2011లో అక్రోట్ చెట్టు ఎంజైమ్‌తో దీన్ని చూపించారు. ఆ జన్యువును పొగాకు మొక్కలో పెడితే ఆకుల్లో గాలిక్ ఆమ్లం పెరిగింది. అంతకుముందు చాలాకాలం గాలిక్ ఆమ్లం ఫినైల్ అలనైన్ అనే అమైనో ఆమ్లం నుంచి వస్తుందా, డీహైడ్రోషికిమేట్ నుంచి వస్తుందా అని పెద్ద వాదులాటే నడిచింది. పాత పుస్తకాల్లో ఇంకా రెండు బాణాలూ కనబడితే కంగారుపడకండి.

గాలిక్ ఆమ్లం దానికదే టానిన్ కాదు. అణుభారం 170, ప్రోటీన్‌ను పట్టుకోవడానికి దానికి ఒక్క చెయ్యే ఉన్నట్టు లెక్క. దాన్ని గ్లూకోజ్‌కు తగిలించే ఎంజైమ్ గ్లూకోసిల్ ట్రాన్స్‌ఫరేజ్. యూడీపీ గ్లూకోజ్ (అంటించడానికి కణం సిద్ధం చేసి ఉంచే గ్లూకోజ్ రూపం) నుంచి గ్లూకోజ్‌ను తీసి గాలిక్ ఆమ్లానికి అంటిస్తుంది. వచ్చినదాని పేరు బీటా గ్లూకోగాలిన్. సింధూర వృక్షంలోనూ, దానిమ్మలోనూ ఈ పని చేసే ఎంజైముల్ని జన్యువుతో సహా గుర్తించారు.

నాకు ఈ మార్గం మొత్తంలో బాగా నచ్చే ఘట్టం ఇక్కడుంది. సాధారణంగా కణంలో ఒక ఆమ్ల సమూహాన్ని ఇంకో అణువుకు అంటించాలంటే కోఎంజైమ్-ఏ (CoA) అనే వాహక అణువు దాన్ని మోసుకురావాలి. ఇక్కడ దాని అవసరమే రాదు. గ్లూకోగాలిన్‌లోని బంధంలోనే కావలసినంత శక్తి ఉంది. కాబట్టి ఒక గ్లూకోగాలిన్ తన గాలిక్ సమూహాన్ని పక్కనున్న ఇంకో గ్లూకోగాలిన్‌కు ఇచ్చేసి, తాను ఉత్త గ్లూకోజ్‌గా బయటికి పోతుంది. ఇచ్చేదీ అదే, పుచ్చుకునేదీ అదే. ఉల్మ్ విశ్వవిద్యాలయంలో గ్రాస్ అనే శాస్త్రవేత్త బృందం సింధూరం, సుమాక్ అనే పొద ఆకుల్లోంచి ఈ గాలాయిల్ ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైముల్ని ఒక్కొక్కటిగా తీసి, గ్లూకోజ్ మీద ఏ స్థానం తర్వాత ఏది నిండుతుందో చూపించింది. మొదట 1, తర్వాత 6, ఆ తర్వాత 2, 3, చివరికి 4. వరస తప్పదు. అయిదు చేతులూ నిండాక వచ్చేది పెంటాగాలాయిల్ గ్లూకోజ్, అణుభారం 940 చిల్లర. ఇప్పుడు అది అసలుసిసలు టానిన్. నాలాంటివాడికి ఒక్క ఎంజైమ్ తీయడమే తలప్రాణం తోకకొచ్చిన చోట, టానిన్‌తో కిక్కిరిసిన ఆకుల్లోంచి అన్నిటిని పని చేసే స్థితిలో తీసినవాళ్ళకు దండం పెట్టాలి.

అక్కడి నుంచి మళ్ళీ రెండు పాయలు. ఉన్న గాలిక్ సమూహాల మీదే ఇంకొన్ని గాలిక్‌లు ఎక్కుతూ పోతే గాలోటానిన్లు. సుమాక్ ఆకుల్లో, చైనా మాచికాయల్లో ఉండేవి ఇవే. అలా కాకుండా పక్కపక్కనున్న రెండు గాలిక్ వలయాల్ని కార్బన్ నుంచి కార్బన్‌కు కుట్టేస్తే ఎలాజిటానిన్లు. టెల్లిమా గ్రాండిఫ్లోరా అనే చిన్న మొక్కలో ఈ కుట్టు పని చేసేది లాకేస్ తరహా ఆక్సీకరణ ఎంజైమ్ అని తేలింది. దానిమ్మ తొక్కలోని ప్యూనికలాజిన్, కరక్కాయలోని చెబులాజిక్ ఆమ్లం ఈ పాయకు చెందినవే. ఈ జంట వలయం చక్కెర నుంచి ఊడిపోతే తనలో తాను ముడుచుకుని ఎలాజిక్ ఆమ్లం అవుతుంది. అది నీళ్ళలో కరగదు. కరక్కాయతో పదును చేసిన తోలు మీద పసుపుపచ్చ బూజులా ఒక పొర తేలుతుంది, చూడనివాళ్ళు బూజనే అనుకుంటారు. నిజానికి అది ఎలాజిక్ ఆమ్లమే.

రెండో కుటుంబం దారి దూరం. ఇక్కడ డీహైడ్రోషికిమేట్ దగ్గర ఆగకుండా షికిమేట్ మార్గం చివరిదాకా పోయి ఫినైల్ అలనైన్ అవ్వాలి. అమ్మోనియా లయేజ్ దాన్నుంచి అమ్మోనియాను తీసేస్తుంది, ఇంకో రెండు ఎంజైములు దాన్ని కౌమరాయిల్ కోఎంజైమ్ ఏగా మారుస్తాయి. దానికి చాల్కోన్ సింథేజ్ మూడు మలోనైల్ ముక్కలు చేర్చి ఫ్లావొనాయిడ్ ఆకారం తెస్తుంది. అక్కడి నుంచి కొన్ని అడుగులు పూల రంగు తయారయ్యే దారే. మందార ఎరుపు, వంకాయ ఊదా వచ్చే దారి ఇదే. ల్యూకోసయానిడిన్ దగ్గరికి వచ్చాక ల్యూకోఆంథోసయానిడిన్ రిడక్టేజ్ పట్టుకుంటే కాటెకిన్ వస్తుంది. అలా కాక ఇంకో అడుగు వేసి ఎర్రటి సయానిడిన్ అయ్యాక ఆంథోసయానిడిన్ రిడక్టేజ్ పట్టుకుంటే ఎపికాటెకిన్ వస్తుంది.

ఈ రెండో ఎంజైమ్ కథ సరదాగా ఉంటుంది. అరాబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో ఒక జన్యువు చెడిపోతే లేత గింజల పొట్టు ఎర్రబడుతుంది. ఆ రంగు ఫ్రాన్స్‌లోని బన్యూల్స్ వైన్‌లా ఉందని జన్యువుకు ఆ ఊరి పేరే పెట్టారు. ఆ జన్యువు తయారుచేసేది ఆంథోసయానిడిన్ రిడక్టేజేనని 2003లో తేలింది. అంటే మామూలు గింజలో ఆ ఎంజైమ్ ఎర్ర రంగును పట్టుకుని రంగులేని ఎపికాటెకిన్‌గా మార్చేస్తోంది, ఎంజైమ్ లేకపోతే రంగు అలాగే మిగిలిపోతోంది. దీన్ని మీ ల్యాబులో వెనక్కి తిప్పి చూడొచ్చు. వక్క కషాయాన్ని బ్యూటనాల్, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి వేడినీళ్ళలో పెడితే గొలుసు విరిగి సయానిడిన్ బయటపడుతుంది. గొట్టంలో ఎరుపు తేలుతుంది. కరక్కాయ కషాయంతో అలా రాదు. రెండు కుటుంబాల్నీ విడదీసి చెప్పడానికి ఇనుము కన్నా ఇదే నమ్మకమైన పరీక్ష. మూత లేకుండా, ఫ్యూమ్ హుడ్ లేకుండా మాత్రం చేయకండి.

గొలుసు ఎలా కడుతుందన్నది పూర్తిగా తేలలేదు. చివర ఒక కాటెకిన్ గానీ ఎపికాటెకిన్ గానీ ఉంటుంది, దాని మీద ఒక్కొక్క లంకె ఎక్కుతూ పోతుంది. ఎక్కించే ఎంజైమ్ ఇదీ అని ఎవరూ వేలుపెట్టి చూపించలేదు. కొంత భాగం ఎంజైమ్ లేకుండానే జరుగుతుందని వాదించేవారూ ఉన్నారు, నేను అటువైపే మొగ్గుతాను. 2016లో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. ఎపికాటెకిన్‌కు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం అంటుకున్న రూపం గొలుసుకు కొత్త లంకెగా పనికొస్తుంది. ఇందాకటి ల్యూకోఆంథోసయానిడిన్ రిడక్టేజ్ దాన్ని పట్టుకుని మామూలు ఎపికాటెకిన్ చేసేస్తుంది. అంటే ఆ ఎంజైమ్ ఎక్కువగా ఉన్నచోట గొలుసులు పొట్టివవుతాయి. కాటెకిన్ తయారుచేయడమే దాని పని అని మేమందరం ఏళ్ళ తరబడి పాఠం చెప్పాం.

రెండు దారులూ కలిసే చోటు ఒకటుంది, రోజూ పొద్దున్నే దాన్నే తాగుతున్నాం. టీ ఆకులో ఎపికాటెకిన్ తరహా అణువు రెండో దారిన వస్తుంది, గ్లూకోగాలిన్ మొదటి దారిన వస్తుంది. గ్లూకోగాలిన్‌లోని గాలిక్ సమూహాన్ని ఆ ఎపికాటెకిన్ తరహా అణువు మీదికి ఎక్కించే ఎంజైమ్ టీ ఆకులో ఉంది. గ్రీన్ టీ డబ్బాల మీద ఊదరగొట్టే ఈజీసీజీ అలా వచ్చినదే. ఈ ఎంజైమ్ పుట్టుపూర్వోత్తరాలు ఇంకా చిత్రం. ఇది ప్రోటీన్లను కత్తిరించే కార్బాక్సీపెప్టిడేజ్ ఎంజైముల వంశంలోది. కోసే కత్తెర వంశంలో పుట్టి కుట్టే సూది అయింది.

ఇక మీ రెండో ప్రశ్నకు మిగతా సగం. ఎంజైములు చాలావరకు పని చేసేది చిన్న ముక్కల మీద. గాలిక్ ఆమ్లం, గ్లూకోగాలిన్, కాటెకిన్ ప్రోటీన్‌ను గట్టిగా పట్టలేవు. నాలుగైదు చేతులున్న అణువు మాత్రమే ఒకేసారి రెండు మూడు ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేయగలదు. ఆ చేతులు మొలిచేది చివరి అడుగుల్లో, అవి సాధ్యమైనంతవరకు కణంలో జనం తిరిగే చోటుకి దూరంగా జరుగుతాయి. ఎపికాటెకిన్‌కు ఒక గ్లూకోజ్ తగిలించి, పొర మీదుండే రవాణా ప్రోటీన్ ద్వారా రిక్తికలోకి పంపే ఏర్పాటు అరాబిడాప్సిస్ గింజలో ఉంది. గొలుసు పెరిగేది ఆ తర్వాతే. రిక్తిక అంటే కణానికి గోడౌన్, ఆమ్లం నిండిన సంచి. లాకేస్ తరహా ఎంజైములు ఎక్కువగా కణకవచం వైపు పనిచేస్తాయి. గొలుసు పెరిగే చోటు గురించి ఇంకో మాట కూడా ఉంది: 2013లో ఫ్రాన్స్ బృందం ఒకటి సంఘనిత టానిన్లు హరితరేణువుల్లోని థైలకాయిడ్ పొరలు పూసల్లా ఉబ్బి తెగిన చిన్న సంచుల్లో తయారై, పొరలో చుట్టుకునే రిక్తికకు చేరతాయని చూపించింది. వాటికి టానోసోమ్‌లని పేరు పెట్టారు. అంటే సరుకు పుట్టినప్పటి నుంచి గోడౌన్‌కి చేరేదాకా ప్యాకింగ్ విప్పడం లేదన్నమాట.

ఇందాకటి కత్తెర వంశం ఎంజైములు సాధారణంగా రిక్తికలోనే ఉంటాయి కదా, అవెలా బతుకుతాయని మీరు వెంటనే అడుగుతారు. వాటి ఒంటినిండా చక్కెర గొలుసులు తగిలించి ఉంటాయి. టానిన్‌కు ప్రోటీన్ అందకుండా అవే కాపాడుతున్నాయని నా అనుమానం.

గోడ కూలితే ఏమవుతుందో వంటింట్లో రోజూ చూస్తున్నదే. అరటి పువ్వు తరిగి మజ్జిగ నీళ్ళలో వేయకపోతే నల్లబడుతుంది. రిక్తికలోని ఫీనాల్‌కు, హరితరేణువుల వంటి ప్లాస్టిడ్లలోని పాలీఫీనాల్ ఆక్సిడేజ్‌కు మధ్య గోడను మన కత్తిపీట తీసేసింది. మజ్జిగలోని పులుపు ఆ ఎంజైమ్‌ను నెమ్మదింపజేస్తుంది. టీ ఫ్యాక్టరీలో ఆకు నలిపేది సరిగ్గా ఈ గోడ కూల్చడానికే. పచ్చి అరటికాయ కొరికితే నాలుక పిడచకట్టుకుపోవడం కూడా అలాంటిదే, అక్కడ బలయ్యేది మన ఉమ్మిలోని ప్రోటీన్లు. పండాక వగరు పోయేది టానిన్ మాయమై కాదు, చాలావరకు కరగని రూపానికి మారి ఉమ్మికి అందకపోవడం వల్ల.

ఎంజైములన్నీ ఉన్నా పై అధికారి లేకపోతే పని జరగదు. మూడు రకాల ప్రోటీన్లు జట్టుకట్టి ఈ జన్యువులన్నింటినీ ఒకేసారి తెరుస్తాయి. జొన్నలో ఆ జట్టులోని ఒక జన్యువులో ఒకే ఒక డీఎన్‌ఏ అక్షరం ఊడిపోవడం వల్ల గింజలో టానిన్ లేకుండా పోయిన రకాలున్నాయని 2012లో తేలింది. ఎర్ర జొన్న అనగానే టానిన్ ఉంటుందనుకోవడం మాత్రం పొరపాటు. పైపొట్టు రంగు వేరు, టానిన్ ఉండేది దాని కింది టెస్టా పొరలో.

మీ ప్రాజెక్ట్‌కి వస్తే, ఎండిన తొక్క వాడకండి. ఎంజైమ్ కావాలంటే చాలా లేత కాయ తొక్క, లేకపోతే లేత ఆకు. ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి పొడి చేయండి. బఫర్‌లో పీవీపీపీ (నీళ్ళలో కరగని ఒక పాలిమర్) పొడి ముందే వేసి నానబెట్టి ఉంచుకోండి, నూరిన తర్వాత వేస్తే ఆలస్యమైనట్టే. టానిన్ ప్రోటీన్‌కు బదులు ఆ పొడిని పట్టుకుని వడపోతలో దానితోపాటే పోతుంది. కొంచెం ఆస్కార్బిక్ ఆమ్లం కూడా కలిపితే గోధుమరంగు రావడం ఆలస్యమవుతుంది. ఆ ఆమ్లాన్ని మాత్రం అప్పటికప్పుడే కలపండి, ముందుగా కలిపి గోరువెచ్చగా వదిలేసిన బఫర్‌తో చేయకండి. ప్రోటీన్ కొలవడానికి లౌరీ వద్దు, బ్రాడ్‌ఫోర్డ్ వాడండి. అది కూడా పీవీపీపీతో శుభ్రం చేసి, చిన్న అణువుల్ని డీసాల్టింగ్ కాలమ్‌లో తీసేశాక మాత్రమే. గొట్టంలో తేట లేత పసుపుగా ఉందంటే ముందుకెళ్ళండి. టీ రంగు కనబడితే దాన్ని పారబోసి, కొత్త ఆకుతో మొదటి నుంచి చేయండి. నేను మూడు రోజులు పారబోయకుండా దాచుకున్నాను.